ఎర్ర చిట్టా పుస్తకం: దిగులు తగ్గించుకునే పనిలో నా ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి దాటాక

ఈ పనికి ప్రాజెక్టు అని పేరు పెట్టుకున్నాను. ‘బాగుపడాలి’ అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ప్రాజెక్టు అనుకుంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి, జరిగింది రాసుకుని, కుదరనిదాన్ని మార్చుకుంటూ పోవచ్చు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు చాలా ఏళ్ళుగా గుమాస్తాగా ఉన్నాను. రాయడం, కూడడం, సరిచూడడం నాకు చేతనైన పనులు. అందుకే కొట్టులో వాడేలాంటి పొడుగాటి ఎర్ర అట్ట చిట్టా పుస్తకమే ఒకటి కొత్తది కొనుక్కున్నాను.

మొదలుపెట్టే నాటికి స్థితి ఇది. కార్తీక మాసం నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, మళ్ళీ నిద్ర పట్టదు. అన్నం సహించడం లేదు. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడానికి కూడా ఓపిక ఉండడం లేదు. అన్నిటికన్నా బాధ పెట్టింది లెక్కల మీద నమ్మకం పోవడం. రైతుకు ఇచ్చే పట్టీలో, అంటే సరుకు అమ్మకం లెక్క రాసిన చీటీలో, కూడిక సరిగ్గానే ఉందని కళ్ళు చెబుతున్నా మనసు ఒప్పుకోదు. మళ్ళీ కూడడం, మళ్ళీ అనుమానపడడం. మా ఆవిడ కొన్నాళ్ళు చూసి, ‘‘ఏవండీ, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళమా? ఇదీ అంతే. రేపు పొద్దున బయలుదేరుతున్నాం’’ అంది.

డాక్టరు గారు ముందు రక్త పరీక్షలు రాశారు. థైరాయిడ్ మందగించినా, బి12 విటమిన్ తగ్గినా, రక్తహీనత ఉన్నా మనిషి ఇలాగే డీలా పడవచ్చట. నాకు అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత దిగులు జబ్బు (డిప్రెషన్) ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం చేతికిచ్చారు. గడిచిన 2 వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, పనుల మీద ఆసక్తి, తన మీద తనకున్న అభిప్రాయం ఎలా ఉన్నాయో ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు గుర్తు పెట్టాలి. అన్నీ కలిపితే గరిష్ఠంగా 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి మధ్యస్థానికి మించినది, 20 నుంచి తీవ్రం. నాకు 17 వచ్చింది. ఆ అంకె చూశాక భయం కన్నా ఊరటే ఎక్కువ కలిగింది. సోమరితనం అని నన్ను నేను తిట్టుకుంటున్నదానికి ఒక పేరు ఉంది, ఒక కొలత ఉంది.

మందు రాసిచ్చి ఆయన చెప్పిన మాటలు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ‘‘మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు కాస్త వికారం, తలనొప్పి ఉండవచ్చు. మీ అంతట మీరు ఆపకండి. ఈలోగా మీ రోజును రాయండి. ఏ గంటలో ఏం చేశారో రాసి, పక్కన రెండు మార్కులు వేయండి. ఆ పనిలో సంతోషం ఎంత, చేయగలిగానన్న తృప్తి ఎంత. 0 నుంచి 10.’’

ఈ రెండు మార్కుల పద్ధతి అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడి చికిత్సలోది. దీని వెనక ఉన్న సంగతిని పీటర్ లూయిన్‌సన్ అనే శాస్త్రవేత్త 1970లలోనే స్పష్టంగా చెప్పాడు. దిగులు పట్టినవాడు పనులు తగ్గించుకుంటాడు. పనులు తగ్గేకొద్దీ సంతోషం కలిగే సందర్భాలూ తగ్గుతాయి. దానితో దిగులు ఇంకా పెరుగుతుంది. 1996లో నీల్ జాకబ్‌సన్ బృందం చేసిన అధ్యయనంలో, ఆలోచనలను సరిదిద్దే పూర్తి చికిత్సతో పోలిస్తే, రోజువారీ పనులను ఒక పద్ధతిలో పెంచడం ఒక్కటీ దాదాపు అంతే మేలు చేసినట్టు తేలింది. నాకు ఇది చాలా పెద్ద మాట. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. పని ముందు, ఉత్సాహం తర్వాత అని వీళ్ళు చెబుతున్నారు. ఈ ప్రాజెక్టులో నేను పరీక్షించబోయేది ఈ ఒక్క సంగతినే.

రథసప్తమి

గంట గంటకూ రాయడం కొట్టులో కుదరలేదు. రోజును నాలుగు భాగాలు చేశాను: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఒక్కో భాగానికి రెండు గీతల జాగా. ఆ మాత్రం చాలు.

పేజీలు కొన్ని నిండాక వెనక్కి తిప్పి చూశాను. మొదట కనిపించింది శని, ఆదివారాలు. యార్డుకు ఆ రెండు రోజులూ సెలవు. నేను సెలవు కోసం వారమంతా ఎదురుచూస్తున్నాను. తీరా సెలవు రోజున సంతోషం గడిలో 0, 1 తప్ప ఏమీ లేవు. ఆ రోజుల్లో చేసిన పని మంచం మీద పడుకుని ఫోను చూడడం. పని రోజుల్లో మాత్రం, ఒళ్ళు నొప్పులతో ఇంటికి వచ్చిన రోజున కూడా, ఎక్కడో ఒక 3, ఒక 4 ఉన్నాయి. నన్ను నలిపేస్తున్నది యార్డు పని అని గట్టిగా నమ్మాను. పుస్తకం వేరేగా చెబుతోంది.

రెండోది ఇంకా ఆశ్చర్యం. ‘ఈ మధ్య నాకు ఏదీ బాగుండడం లేదు’ అని డాక్టరుతో చెప్పాను. చిట్టాలో చూస్తే అమ్మాయికి లెక్కలు చెప్పిన సాయంత్రాల్లో 5 ఉంది. కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోసినప్పుడు 4 ఉంది. హమాలీ మేస్త్రితో నిలబడి టీ తాగినప్పుడు 4. వీటిని నేనే రాశాను, నా దస్తూరీయే. అయినా అడిగిన నాడు ఒక్కటీ గుర్తుకు రాలేదు. యార్డులో కొందరు బేరగాళ్ళు ఉంటారు, టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి తాలు కాయలు నాలుగు ఏరి చూపించి మొత్తం సరుకుకు ధర తగ్గిస్తారు. దిగులు పట్టిన మనసు నా రోజుకు ధర కట్టే తీరు అదే. అందుకే జ్ఞాపకం మీద ఆధారపడకుండా అప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి. ఈ పుస్తకం వల్ల మొదటి ఉపయోగం ఇది.

ఇవాళ పొద్దున అమ్మ తల మీదా భుజాల మీదా జిల్లేడు ఆకులు పెట్టి స్నానం చేయించింది. తర్వాత డాబా మీద ఎండలో కాసేపు నిలబడ్డాను. పొద్దుటి వెలుగు కంట పడితే శరీరంలోని గడియారం కుదురుకుంటుందని, రాత్రి నిద్ర వేళకు పట్టడానికి అది సాయపడుతుందని డాక్టరు గారు చెప్పి ఉన్నారు. పండుగ పుణ్యమా అని అది ఇవాళే మొదలైంది. రేపటి నుంచి లేవగానే డాబా మీదికి వెళ్ళడం అని చిట్టాలో కొత్త పద్దు రాశాను.

మాఘ మాసంలో

పొద్దుటి నడక గురించి ఎక్కువగా రాయాలి. సరైన కొలతను కనిపెట్టింది ఇక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ. అంటే వారంలో 5 రోజులు, రోజుకు అరగంట. మామూలు మనిషికి అది చిన్న సంగతి. నాకు ఇప్పుడు అరగంట అన్న మాట వింటేనే దుప్పటి ముఖం మీదికి లాక్కోవాలనిపిస్తోంది. బ్రాడీపేటలో మా వీధి నుంచి బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియం దూరమేమీ కాదు. అక్కడ పొద్దున్నే ఎంతోమంది నడుస్తారు. ఆ మనుషులందరి మధ్యకు వెళ్ళాలన్న ఆలోచనతోనే ఆగిపోతున్నాను.

కాబట్టి పనిని కోశాను. మొదటి ముక్క: చెప్పులు వేసుకుని గేటు దాటడం. గేటు దాటాక వెనక్కి వచ్చేసినా చిట్టాలో టిక్కు పడుతుంది. రెండో ముక్క: వీధి చివర పాల కొట్టు దాకా వెళ్ళి పాకెట్టు తేవడం. పాల పాకెట్టు ఇంటికి అవసరం కాబట్టి అది తేలికైంది. నా కోసం అనుకుంటే కదలనివాణ్ణి, ఇంట్లో కాఫీకి పాలు లేవంటే కదులుతున్నాను. ఇలాంటివాళ్ళు ఇంకా ఉంటారు, వాళ్ళు ఈ ఉపాయం వాడుకోవచ్చు. మూడో ముక్క: శంకర్ విలాస్ సెంటరు దాకా వెళ్ళి రావడం. స్టేడియం నాలుగోది, అది కూడా మొదట బయట గోడ పక్కనే.

ఒక్కో ముక్క సులువు అనిపించేదాకా తర్వాతిదానికి వెళ్ళలేదు. అమ్మాయి ఒకరోజు, ‘‘నాన్నా, ఇవాళ ఇంకొంచెం దూరం వెళ్దామా?’’ అంది. ఆ వారం ఆ మాట ముందుకు తోసింది. అయితే పని కొలత చెడ్డ రోజుకు సరిపోయేలా ఉండాలన్నది నా నియమం. బాగున్న రోజున పెద్ద లెక్క పెట్టుకుని, చెడ్డ రోజున అది చేయలేక, ఆ చేయలేకపోవడాన్ని మళ్ళీ మనసు నా మీద నేరంగా మోపడం నాకు బాగా తెలిసిన దారి.

ఇంకా చెడ్డ రోజుల కోసం ఒక చీటీ రాసి బీరువా తలుపు లోపల అంటించాను. దాని పేరు కనీసపు చీటీ. అందులో ఉన్నవి: మందు వేసుకోవడం, స్నానం, గుమ్మం బయట కాళ్ళు పెట్టడం, ఇంట్లో ఒకరితో ఒక మాట మాట్లాడడం. అంతే. అవి జరిగితే ఆ రోజు లెక్క కుదిరినట్టే. ఈ చీటీ గురించి మా ఆవిడకు ముందే చెప్పాను. ‘‘నేను లేవలేకపోతే తిట్టకు, బతిమాలకు, చీటీలో ఏముందో చదువు చాలు’’ అన్నాను. ఆమె అలాగే చేస్తోంది. అది ఎంత సాయమో రాయడానికి నాకు మాటలు చాలవు.

నిద్ర గురించి క్లుప్తంగా. లేచే వేళ రోజూ ఒకటే, ఆదివారం కూడా. మంచం మీద ఫోను లేదు. ఓ ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి ముందు గదిలో సన్నటి వెలుతురులో కూర్చుని, మళ్ళీ మగత వచ్చాకే మంచం ఎక్కడం. సాయంత్రం నాలుగు దాటాక టీ మానేశాను. యార్డులో ఇది కష్టం, ప్రతి బేరం వెనకా ఒక టీ వస్తుంది. ‘‘రెండు పెగ్గులు వేస్తే హాయిగా నిద్ర పడుతుంది’’ అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. మద్యం మొదట మత్తుగా పడుకోబెట్టినా అర్ధరాత్రి దాటాక నిద్రను ముక్కలు చేస్తుంది, దిగులును పెంచుతుంది, ఈ మందులతో కలపకూడదు. దాని జోలికి వెళ్ళలేదు.

శివరాత్రి తర్వాత

కోటప్పకొండ తిరనాళ్ళకు ఏటా ఇంటిల్లిపాదీ వెళ్తాం. ఈసారి ప్రభల రాత్రి జనంలో నిలబడలేనని తెలుసు. రాలేనని చెప్పి ఇంట్లో పడుకోవడం ఒక దారి, అందరితో పోయి రాత్రంతా నలిగిపోవడం ఇంకొకటి. మూడో దారి వెతికాం. తిరనాళ్ళ అయిన రెండు రోజులకు, జనం పలచబడ్డాక, మా ఆవిడా నేనూ బస్సులో నరసరావుపేట వెళ్ళి అక్కడి నుంచి కొండకు వెళ్ళాం. త్రికోటేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. తిరిగి వచ్చాక గడిలో సంతోషం 3, తృప్తి 7 అని వేశాను.

ఆ 7 గురించి ఆలోచించాను. చాలా పనులు ఇప్పుడు సంతోషం ఇవ్వడం లేదు, తృప్తి ఇస్తున్నాయి. మార్కు ఒక్కటే ఉంటే ‘ఏమీ బాగాలేదు’ అని కొట్టిపారేసేవాణ్ణి. తృప్తి ముందు వస్తుంది, సంతోషం దాని వెనక నెమ్మదిగా వస్తుంది. నా పుస్తకంలో క్రమం ఇదే. మొదలుపెట్టేవాళ్ళు రెండు గడులూ పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

మందు గుణం కూడా ఈ రోజుల్లోనే తెలుస్తోంది. మూడింటి మెలకువ నాలుగున్నరకు జరిగింది.

సీజను ముదిరాక

యార్డు కిటకిటలాడుతోంది. తేజ, బాడిగ, 334 అన్ని రకాలూ వస్తున్నాయి. సీజను జోరుమీద రోజుకు లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయి. ఘాటుకు అందరూ తుమ్ముతూనే పని చేస్తారు. ఈ ఒత్తిడిలోనే ధైర్యం సంగతి పట్టుకోవాలనుకున్నాను. కాళ్ళు చేతులు కదులుతున్నాయి గాని, నా మీద నాకు నమ్మకం ఇంకా రాలేదు.

చిట్టా వెనక పేజీల నుంచి కొత్త ఖాతా తెరిచాను. మూడు గడులు: ‘ఏం జరుగుతుందని భయపడుతున్నాను’, ‘అది జరుగుతుందని 100కు ఎంత నమ్మకం’, ‘ఏం జరిగింది’. మొదటి రెండూ పనికి ముందే నింపాలి. మూడోది పని అయ్యాక. ముందే నింపడం ఇందులో కీలకం. తర్వాత రాస్తే మనసు తనకు అనుకూలంగా మార్చేస్తుంది.

మొదటి పద్దు పట్టీ గురించే. భయం: ఒక్కసారి మాత్రమే సరిచూసి ఇచ్చేస్తే తూకంలోనో కమీషన్‌లోనో తేడా వస్తుంది, రైతు అందరి ముందూ నిలదీస్తాడు. నమ్మకం 80. చేసింది: ఒకసారి కూడి, ఒకసారి సరిచూసి, కలం కింద పెట్టి పట్టీ ఇచ్చేశాను. చేతులు వణికాయి. జరిగింది: రైతు చూసుకుని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నాలుగోసారి, అయిదోసారి కూడడం వల్ల లెక్క బాగుపడడం లేదు. ప్రతి అదనపు కూడికా ‘నువ్వు నమ్మదగినవాడివి కావు’ అని నాకు నేను మళ్ళీ చెప్పుకోవడం. భయంతో చేసే జాగ్రత్త భయాన్ని పోషిస్తుంది. దాన్ని వదిలితేనే, ఏమీ కాలేదన్న సంగతి మనసుకు తెలిసే అవకాశం దొరుకుతుంది.

తర్వాత పద్దులు తేలిక నుంచి కష్టం వైపు పేర్చాను. ప్రకాశం జిల్లా నుంచి సరుకు తెచ్చిన ఒక పెద్దాయనకు డబ్బు రెండు రోజులు ఆలస్యమవుతుందని ఫోను చేసి చెప్పాలి. భయం: తిడతాడు, నేను నోట మాట రాక నిలబడిపోతాను. నమ్మకం 90. జరిగింది: ‘‘ముందే చెప్పారు, మంచిది బాబూ. శుక్రవారం లోపు చూడండి’’ అన్నాడు. ఇంకో పద్దు: డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మధ్యాహ్నం సెలవు కావాలని కొట్టు యజమానిని అడగడం. ఇక్కడ భయం కొంత నిజమైంది. ఆయన ముఖం చిట్లించి, ‘‘సీజనులోనా?’’ అన్నారు. సెలవు మాత్రం ఇచ్చారు. ఈ పద్దు నాకు అన్నిటికన్నా విలువైనది. అనుకున్న చెడులో సగం జరిగింది, అయినా నేను నిలబడ్డాను, మాట తడబడలేదు. అన్నీ సజావుగా జరిగితేనే ధైర్యం వస్తుందనుకుంటే అది ఎప్పటికీ రాదు.

రాత్రి పడుకునే ముందు మూడు మంచి విషయాలు రాయడం అనే అలవాటు కూడా ప్రయత్నించాను. ‘ఇల్లు ఉంది, కుటుంబం ఉంది, ఆరోగ్యం ఉంది’ అని రాస్తుంటే, ఇన్ని ఉండి కూడా దిగులేమిటన్న అపరాధ భావం పెరిగింది. దాన్ని మార్చాను. ఆ రోజు జరిగినదే, నేను చేసినదే రాయాలి: ‘మేస్త్రి కొడుకు దరఖాస్తు నింపి ఇచ్చాను’, ‘ఉప్మాలో జీడిపప్పు పడింది, రుచి తెలిసింది’. రుచి తెలిసిందని రాసిన నాడు మా ఆవిడకు చూపించాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఉగాది

పండుగకు బావమరిది వచ్చాడు. మంచివాడు, నా మీద ప్రేమ ఉన్నవాడు. ‘‘బావా, నీకేం తక్కువ? మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది. ఆ మందులకు అలవాటు పడిపోతావు’’ అన్నాడు. ఆ మాటకు ఇదివరకైతే తల దించుకునేవాణ్ణి. ఈసారి చిట్టా తెచ్చి ముందు పెట్టాను. ‘‘ఇదిగో, మందు మొదలైనప్పుడు ఇలా ఉన్నాను. ఇక్కడ నడక మొదలైంది. ఇక్కడ నిద్ర కుదిరింది. రెండూ కలిసి చేస్తున్న పని ఇది. నాకు రాసిన మందు మత్తుకు అలవాటు చేసే రకం కాదని డాక్టరు గారు చెప్పారు. గబుక్కున ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి కాబట్టి ఆపేటప్పుడు ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి’’ అన్నాను. అతను పేజీలు తిప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘పొద్దున నడకకు నన్ను కూడా లేపు బావా’’ అన్నాడు.

మనసు గట్టి చేసుకోమని చెప్పేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కాని ఆ మాట విన్నవాడు చేయగలిగిన పని అందులో ఏమీ ఉండదు. ‘నాతో పాల కొట్టు దాకా రా’ అనండి, అందులో చేయగలిగిన పని ఉంది.

శ్రీరామ నవమి తర్వాత

కిందికి జారిన వారం. కారణం ఫలానా అని చెప్పలేను. చిట్టాలో వరుసగా కనీసపు చీటీ టిక్కులే ఉన్నాయి. ఇదివరకు ఇలాంటి వారం వస్తే, మొత్తం పోయిందనుకునేవాణ్ణి. ఇప్పుడు వెనక పేజీలు ఉన్నాయి. మాఘంలో ఇంతకన్నా చెడ్డ వారం ఉంది, దాని తర్వాత పేజీలు ఉన్నాయి.

ఈ సందర్భంలో ఒక మాట సూటిగా రాయాలి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. ఆ గడిలో 0 కాకుండా ఏ అంకె వచ్చినా ఆ పని చిట్టాకు అప్పజెప్పకూడదు. నడక, మార్కులు, చీటీలు దానికి చాలవు. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పాలి, డాక్టరుకు చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడవచ్చు. దాన్ని 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టారు. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆసుపత్రికి వెళ్తే ఎవరైనా చూస్తారేమో అని ఆగేవాళ్ళకు చెబుతున్నాను: చూడనివ్వండి. 14416 నంబరు కనీసపు చీటీ అడుగున పెద్ద అక్షరాలతో రాశాను. మా ఆవిడ ఫోనులోనూ, అమ్మాయి ఫోనులోనూ ఉంది.

ఆ వారం డాక్టరు గారిని ముందుగానే కలిశాను. మందు మోతాదు అలాగే ఉంచి, సాయంత్రం ఒక పని చేర్చమన్నారు, అదీ ఇంకొకరితో కలిసి చేసేది. మేస్త్రితో రోజూ పది నిమిషాలు కూర్చోవడం అని రాసుకున్నాను. ‘‘గుమాస్తా గారూ, మీరు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కూర్చోండి’’ అన్నాడు. పది నిమిషాలు కూర్చున్నాం.

యార్డుకు వేసవి సెలవులు

ఏటా ఎండలు ముదిరినప్పుడు యార్డుకు నెల రోజుల దాకా సెలవులు. శని, ఆదివారాల లెక్క చూసినవాణ్ణి కాబట్టి ఈ సెలవులంటే ముందే భయపడ్డాను. ఖాళీ రోజులను ముందే పనులతో నింపి పెట్టుకోవాలి. ఎండ దెబ్బకు పది తర్వాత గుంటూరులో బయటికి వెళ్ళేది లేదు. కాబట్టి నడక అయిదున్నరకే, ఇప్పుడు స్టేడియం లోపలే. ఆ తర్వాత గ్రంథాలయం. మధ్యాహ్నం నిద్ర అరగంట దాటకుండా అలారం.

ఈ సెలవుల్లో అన్నిటికన్నా పెద్ద పని ఆవకాయ. ఏటా అమ్మే పట్టేది. ఈసారి, ‘‘అమ్మా, నువ్వు కూర్చుని చెప్పు, నేను చేస్తాను’’ అన్నాను. ఒక్కసారిగా చూస్తే కొండంత పని. చీటీలుగా కోశాను. మార్కెట్టుకు వెళ్ళి పుల్లటి, గట్టి కాయలు చూసి తేవడం ఒక చీటీ. కడిగి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టడం ఒకటి. టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీరడం ఒకటి. ఆవాలు ఎండలో పెట్టి పిండి కొట్టించడం, ఉప్పు, వెల్లుల్లి, మెంతులు, పప్పునూనె సిద్ధం చేయడం వేరే చీటీ. కారం మాత్రం నా శాఖ. మంచి రంగున్న కాయలు నేనే ఏరి, తొడిమలు తీసి, మరకు పట్టుకెళ్ళాను.

చేతులకు పని ఉన్నంతసేపూ తలలో పాత మాటలు తిరగలేదు. పొర గీరుతున్నప్పుడు కత్తి మీద చూపు ఉండాలి. పిండీ కారం కలిపేటప్పుడు కొలత మీద మనసు ఉండాలి. పక్కనే అమ్మ, ‘‘అంత నూనె వద్దురా, మూడో రోజు తిరగకలిపేటప్పుడు చూసి పోద్దాం’’ అంటూ ఉంది. చీటీలు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వెళ్ళాం. మూడో రోజు జాడీ మూత తీసి కలిపి, వేడి అన్నంలో మొదటి ముద్ద అందరికీ పెట్టాను. గడిలో సంతోషం 8 వేశాను. ఈ పుస్తకంలో అంత పెద్ద అంకె సంతోషం గడిలో ఇదే మొదటిది. దాని కింద అమ్మాయి తన దస్తూరీతో ‘ఉప్పు సరిపోయింది’ అని రాసింది.

రోహిణి కార్తె

నిన్న మళ్ళీ తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాను. 7 వచ్చింది. ఈ కాగితంలో 5 అంకెల తేడా వస్తేనే మార్పును లెక్కలోకి తీసుకుంటారట. నాకు 10 తగ్గింది. మందు ఎప్పుడు ఆపవచ్చని అడిగాను. బాగున్నాననిపించిన తర్వాత కూడా కనీసం 6 నెలలు కొనసాగించాలి, లేకపోతే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ అన్నారు. ఆ 6 నెలల లెక్క ఇప్పుడు మొదలవుతుంది. అలాగేనన్నాను.

ఇంకా కుదరనివి కొన్ని ఉన్నాయి. పెళ్ళిళ్ళకు వెళ్ళడం ఇంకా కష్టంగానే ఉంది. పది మందిలో నవ్వుతూ నిలబడాలంటే ఇప్పటికీ అలసిపోతాను. రాత్రి భోజనం తర్వాత ఒక గంట దిగులుగానే గడుస్తోంది. ఆ గంటకు రెండు మూడు పనులు ప్రయత్నించాను, ఏదీ నిలబడలేదు.

మేస్త్రి నిన్న ఇంటికి వచ్చాడు. వాళ్ళ అబ్బాయి పోటీ పరీక్షల ఫలితాలు వచ్చాక గదిలో నుంచి బయటికి రావడం లేదట. ‘‘మీరు రాసుకునే ఆ పుస్తకం మావాడికీ ఒకటి గీసి ఇవ్వండి గుమాస్తా గారూ’’ అన్నాడు. ముందు డాక్టరుకు చూపించమని, తోడు నేను వస్తానని చెప్పాను. సోమవారం పొద్దున ఓపీకి ముగ్గురం వెళ్తున్నాం. పుస్తకం గీశాను. గడులు నాలుగే పెట్టాను, మొదటి పేజీలో రాయడానికి ఒకే ఒక్క పని ఇచ్చాను: గేటు దాటడం. రెండోది ఏమిటో ఆ అబ్బాయినే అడిగి రాయాలి.

యార్డు తెరిచేలోపు నాకు మిగిలినవి: రాత్రి గంటకు సరిపోయే పని కనిపెట్టడం, జూన్‌లో బావమరిది కొడుకు పెళ్ళికి గంటసేపు వెళ్ళి వచ్చే ఏర్పాటు చేసుకోవడం. ‘ఏం జరుగుతుందని భయపడుతున్నాను’ గడి దానికి ఇప్పటికే నింపాను. నమ్మకం 60 అని వేశాను.